29 ఏళ్ల రూకీ

లిథువేనియా బాస్కెట్‌బాల్ మాజీ ఆటగాడు, కోచ్ షారూనస్ యాసికేవిచ్యుస్ గురించి ఎవరు ఏమి రాసినా, మూడో వాక్యంలోనో నాలుగో వాక్యంలోనో 'అయితే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో రాణించలేకపోయారు' అన్న ముక్క వచ్చి తీరుతుంది. శుభలేఖలో ముహూర్తం అచ్చువేయడం మరిచిపోవచ్చునేమో గానీ, ఈ ముక్కను మరిచిపోయిన మహానుభావుడు ఇంకా పుట్టలేదు. 2025 మే నెలలో ఆయన శిక్షణ ఇచ్చిన టర్కీ జట్టు ఫెనర్‌బాచె అబుదాబిలో మొనాకోను 81-70 తేడాతో ఓడించి, యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన యూరోలీగ్ గెలుచుకుంది. ఆటగాడిగా మూడు వేర్వేరు క్లబ్బుల తరఫున నాలుగుసార్లు అందుకున్న కప్పును ఆయన ఈసారి కోచ్‌గా అందుకున్నారు. 'బాగానే ఉంది, మరి ఎన్‌బీఏకి ఎప్పుడు?' అన్న ప్రశ్న మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

ఇంతమంది పండితులు ఇంత శ్రద్ధగా కాపాడుతున్న ప్రశ్న వెనుక ఏదో ఒక శాస్త్రం ఉండకపోదు కనుక, ఆ శాస్త్రం ప్రకారమే ఆయన జీవితాన్ని లెక్కగట్టి చూద్దాం.

1976లో లిథువేనియాలోని కౌనస్‌లో పుట్టి, అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి ఆడిన ఈ కుర్రవాణ్ణి 1998లో ఏ ఎన్‌బీఏ జట్టూ ఎంచుకోలేదు. రెండేళ్లకు సిడ్నీ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అతను అమెరికా మీద 27 పాయింట్లు సాధించాడు. చివరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల షాటు కాస్త పొట్టిగా పడటంతో అమెరికా 85-83తో గండం గట్టెక్కింది. 2003లో బార్సిలోనాకు యూరోలీగ్, అదే ఏడాది లిథువేనియాకు యూరప్ ఛాంపియన్‌షిప్, తరువాత రెండేళ్లూ ఇజ్రాయెల్ క్లబ్బు మకాబీ టెల్ అవీవ్‌కు వరుసగా యూరోలీగ్ దక్కాయి. ఆ మధ్యలో, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో, ఎన్‌బీఏ తారలు టిమ్ డంకన్, అలెన్ ఐవర్సన్ ఉన్న అమెరికా జట్టు మీద 28 పాయింట్లు సాధించి 94-90తో లెక్క సరిచేశాడు.

ఇంత చేసి 2005లో ఇండియానా పేసర్స్‌లో చేరిన ఆయనను ఎన్‌బీఏ ఏ వర్గంలో చేర్చింది? రూకీల వర్గంలో, అంటే నిన్న మొన్న కాలేజీ వదిలి వచ్చిన పిల్లల వరుసలో చేర్చింది. వయసు 29 అయినా, ఆ లీగ్ లెక్కలో ఆయన అప్పుడే పుట్టినట్టు. రెండు సీజన్లు గడిచాక ఆయన యూరప్‌కు తిరిగివచ్చి 2009లో గ్రీసు క్లబ్బు పనాథినాయికోస్‌తో మళ్లీ కప్పు గెలిస్తే, శాస్త్రం దానిని గైర్హాజరీగా నమోదు చేసుకుంది.

ఈ శాస్త్రజ్ఞులే ఒక బోర్డుగా కూర్చుని ఆయనను హెడ్ కోచ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేశారనుకుందాం. అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని అనుభవం ఎంత అని అడుగుతారు. 2016 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్నానని ఈయన చెబుతారు. 'మా లీగ్‌లోనా?' 'కాదండీ, మా ఊరు కౌనస్ క్లబ్బు జాల్గిరిస్‌లో.' 'అయితే సున్నా వేయండి.' చిన్న బడ్జెట్ జట్టును 2018లో యూరోలీగ్ చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌కు తీసుకువెళ్లి, సీఎస్‌కేఏ మాస్కోను ఓడించి మూడో స్థానం తెచ్చానంటే, మూడో స్థానం అనేది తమ లీగ్‌లో లేదు కనుక ఇంకో సున్నా వేస్తారు. బార్సిలోనాకు 2021లోనూ 2023లోనూ స్పెయిన్ లీగ్ గెలిపించానంటే, అక్కడ ఎండ హాయిగా ఉంటుందని విన్నామంటారు. ఇంతలో పక్కనున్న సభ్యుడికి కాగితాల్లో ఏథెన్స్ కనబడుతుంది. 'అయ్యా, మన జట్టు మీదే 28 పాయింట్లు కొట్టినట్టు ఉంది. దీనిని అనుభవం గడిలో వేయాలా, నేరచరిత్ర గడిలో వేయాలా?' కాసేపు గుసగుసలాడుకున్నాక, వెనక వరుసలో కుర్చీ ఒకటి ఖాళీగా ఉందనీ, అసిస్టెంటుగా కొన్నేళ్లు అక్కడ కూర్చుని బాస్కెట్‌బాల్ ఎలా ఆడతారో గమనించవచ్చనీ దయతో సెలవిస్తారు.

ఇదంతా అతిశయోక్తి అనుకునేవారు డేవిడ్ బ్లాట్‌ను తలుచుకోవాలి. 2014లో మకాబీకి యూరోలీగ్ గెలిపించి ఎన్‌బీఏ జట్టు క్లీవ్‌లాండ్‌కు వెళ్లిన ఆ 55 ఏళ్ల పెద్దమనిషిని అక్కడ రూకీ కోచ్ అన్నారు. మొదటి ఏడాదే జట్టును ఫైనల్స్‌కు చేర్చిన ఆయనను, రెండో ఏడాది 30 విజయాలు 11 ఓటములతో తూర్పు విభాగంలో అగ్రస్థానంలో ఉండగా, 2016 జనవరిలో ఇంటికి పంపించారు. ప్రొబేషన్ సంతృప్తికరంగా ముగియలేదన్నమాట.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2017 నాటి సంగతి మాత్రం నాకు నవ్వు తెప్పించదు. లిథువేనియా లీగ్ సెమీఫైనల్ సిరీస్ నడుస్తుండగా, జాల్గిరిస్ ఆటగాడు అగస్టో లిమా తన బిడ్డ పుట్టే వేళకు దగ్గర ఉండటానికి వెళ్లాడు. విలేకరుల సమావేశంలో ఒక యువ విలేకరి లేచి, అతను అలా వెళ్లిపోవడం మీద కోచ్ అభిప్రాయం ఏమిటని అడిగాడు. నేనే అనుమతి ఇచ్చానని యాసికేవిచ్యుస్ చెప్పారు. అక్కడితో ఊరుకోవచ్చు కదా! సెమీఫైనల్స్ మధ్యలో ఆటగాడు వెళ్లడం మామూలేనా అని విలేకరి మళ్లీ అడిగాడు. ఏమిటీ ప్రశ్న? బిడ్డ పుట్టుక కూడా లీగ్ షెడ్యూల్ చూసుకుని, ఆట లేని రోజున, క్లబ్బు అనుమతి పత్రంతో జరగాలా? పురిటి నొప్పులు పడుతున్న మనిషి పక్కన నిలబడటానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాలా? ఒక మనిషి జీవితమంతటినీ ఒక లీగ్‌లో ఆడిన రెండు సీజన్లతో కొలిచి పారేసే బుద్ధే, పుట్టే బిడ్డను సెమీఫైనల్‌తో తూకం వేస్తుంది. సిగ్గుపడాల్సిన ప్రశ్నను సిగ్గుపడకుండా అడగడం వీళ్లకు వృత్తిధర్మం అయిపోయింది. కోచ్ గొంతు పెంచలేదు. నీకు పిల్లలున్నారా అని అడిగి, పుట్టినప్పుడు నీకే అర్థమవుతుందనీ, మనిషి అనుభవంలో అంతకన్నా పెద్దది లేదనీ, జీవితంలో బాస్కెట్‌బాలే అన్నిటికన్నా ముఖ్యమని అనుకుంటున్నావా అనీ అన్నారు. నాకు అంత ఓపిక ఉండేది కాదు.

లిమా వెళ్లడం వల్ల జట్టుకు వాటిల్లిన ఘోర నష్టంపై విచారణ సంఘం వేయదలచినవారి సౌకర్యార్థం ఒక సమాచారం: ఆ ఏడాది లిథువేనియా లీగ్‌ను గెలిచింది జాల్గిరిస్సే.