మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖమునకు

మహారాజశ్రీ ఆరోగ్య అవగాహన ఫ్లెక్సీ బ్యానర్ గారి దివ్య సముఖమునకు, సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల కుళాయి గట్లు, బడి వరండాలు, అంగన్‌వాడీ గుమ్మాల తరఫున రాసుకున్న విన్నపం.

ఇక్కడ అంతా క్షేమం అని మొదలెట్టడం ఉత్తరానికి మర్యాద. తమరు ఈ వారం ఏ జబ్బు మీద వెలిశారో తెలియకుండా ఆ మాట రాస్తే అబద్ధమవుతుంది. కాబట్టి క్షేమం సంగతి ప్రస్తుతానికి ఖాళీ వదిలాం, తమరి మీద తేదీ దగ్గర ఖాళీ వదిలినట్టే.

తమరి ఊరేగింపు చూడముచ్చటగా ఉంటుంది. పదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, రెండు చివర్లా వెదురు బద్దలు, గాలికి చిరిగిపోకుండా మధ్యలో అక్కడక్కడా అర్ధచంద్రాకారపు కోతలు. విజయనగరంలో కోట జంక్షన్ నుంచి గంటస్తంభం దాకా, సిక్కోల్లో అయితే డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా తమరిని మోసేది ఎనిమిదో తరగతి పిల్లలు. మోసేవాళ్లకి కనబడేది తమరి వీపు. అక్కడ అంతా తెలుపే, ఏమీ రాసి ఉండదు. ఊరంతా చదివినా చదవకపోయినా, తమరి మీద ఏం రాసుందో ఖాయంగా తెలియనివాళ్లు ఆ పిల్లలే.

తమరి పంచాంగం మాకు కంఠతా వచ్చు. ఫిబ్రవరి 10 నులిపురుగులు, మార్చి రెండో గురువారం మూత్రపిండాలు, ఏప్రిల్ 25 మలేరియా, మే 16 డెంగీ, మే 31 పొగాకు, అక్టోబరు 15 చేతులు. జబ్బులకి మాత్రం ఈ పంచాంగం ఎవరూ పంపినట్టు లేదు.

ముందు చేతుల మాట. "చేతులు శుభ్రంగా కడుక్కోండి" అంటారు తమరు. ఎక్కడ కడుక్కోవాలి, దేనితో కడుక్కోవాలి? మధ్యాహ్న భోజనం గంట కొట్టాక రెండొందల మంది పిల్లలు, నాలుగు కుళాయిలు, ఒక సబ్బు. తమరు చెప్పిన ఇరవై సెకన్లూ రుద్దితే ఆఖరి పిల్ల పళ్లెం దగ్గరకొచ్చేసరికి పావుగంట దాటుతుంది, అన్నం చల్లారుతుంది. అందుకే సగం మంది వేళ్ల కొసలు తడుపుకుని వచ్చేస్తారు. సబ్బు కథ ఇంకా చిన్నది. సోమవారం కొత్తది పెడితే మంగళవారానికి నీళ్లలో నాని గుజ్జవుతుంది, బుధవారానికి కాకి ఎత్తుకుపోతుంది. మిగిలింది మాస్టారి బీరువాలో తాళం వేసి ఉంటుంది.

దీనికి మందు తమరి ఖరీదులో పదో వంతు కూడా కాదు. లీటరున్నర ఖాళీ సీసా, అందులో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి, నిండా నీళ్లు, కలిపి మూతకి మేకు కాల్చి ఒక చిల్లు. పిల్లాడు నొక్కితే చేతిలో నాలుగు చుక్కలు పడతాయి. కాకికి పనికిరాదు, ఎవరూ జేబులో వేసుకుపోరు. వరుసని కూడా రెండు చేయాలి: కుళాయికి ముందే సబ్బునీళ్లు పోసేవాళ్లు ఒకరు నిలబడితే, పిల్లలు లైన్లో నడుస్తూ రుద్దుకుంటారు, కుళాయి దగ్గర కడుక్కోవడమే మిగులుతుంది. బొటనవేలు, గోళ్ల సందులు, మణికట్టు పక్కన కనిపెట్టేవాళ్లుంటేనే తడుస్తాయి. ఈ మాట తమరి మీద రాయడానికి చోటు చాలలేదు, కింద వరసలో ఎనిమిది మంది పెద్దల ముఖాలు ఉన్నాయి గనక.

నులిపురుగుల రోజున తమరి పక్కనే ఆల్బెండజోల్ డబ్బా ఉంటుంది కాబట్టి కొంత నయం. 400 మిల్లీగ్రాముల బిళ్ల, ఏడాది నిండి రెండేళ్లలోపు పిల్లలకి సగం, చిన్నవాళ్లకి రెండు చెంచాల మధ్య నలిపి నీళ్లతో. పెద్ద పిల్లలు నమలాలి, మింగకూడదు. జ్వరంతో వచ్చినవాళ్లకి ఆ రోజు ఇవ్వరు, వారం తర్వాత రెండో విడతలో ఇస్తారు. పొట్టలో పురుగులు బాగా ఉన్న పిల్లాడికి కాస్త కడుపునొప్పో వికారమో వస్తుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే, "బడిలో ఏదో మందు పెట్టారంట" అని సాయంత్రానికి ఊరు ఊరంతా గేటు దగ్గర ఉంటుంది. ఇంకోటి, బిళ్ల ఇప్పుడున్న పురుగుని చంపుతుంది, రేపటిదాన్ని ఆపదు. కొంకిపురుగు వచ్చేది అరికాలి చర్మం గుండా. చెప్పుల్లేకుండా చెరువు గట్టుకి వెళ్లే కాలు ఆ గట్టుకి వెళ్తున్నంత కాలం ఆరు నెలలకోసారి బిళ్ల పడుతూనే ఉండాలి.

ఇక నీలం బిళ్ల. "రక్తహీనతను తరిమికొడదాం" అని తమరు అన్నారు, సరే, ఎటు తరమాలి? వారానికొక్కటి, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. పరగడుపున ఇస్తే ఒకమ్మాయికి వాంతి అవుతుంది, చూసి పక్కమ్మాయికి అవుతుంది, నాలుగో బెంచీ దాకా వెళ్తుంది. అన్నం తిన్నాక ఇస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. మింగినట్టు నటించి నాలిక కింద దాచి, బడి వెనక గోడవతల ఉమ్మేసిన బిళ్లలు వానాకాలంలో నీలంగా కరిగి కనబడతాయి. టీచరమ్మ పిల్లల ఎదుట తనొకటి వేసుకుని, తర్వాత "నోరు తెరు" అంటే సగం బిళ్లలు దక్కుతాయి. మర్నాడు విరేచనం నల్లగా వస్తుంది, అది పేగుల్లో మిగిలిన ఇనుము, రక్తం కాదు. ఈ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల బిళ్ల మానేసిన అమ్మాయిలు ఎందరో. బిళ్లకి ముందూ వెనకా గంటసేపు టీ తాగకూడదు, టీలోని వగరు ఇనుముని పట్టేస్తుంది. జామకాయో, మజ్జిగ బదులు నిమ్మకాయ నీళ్లో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఆరోగ్య దినోత్సవం నాడు బిళ్ల వేయించి, వచ్చినవాళ్లందరికీ వెంటనే టీ పోయించిన సభలు తమరి నీడలోనే జరిగాయని మనవి.

అతిసారం దగ్గర తమరి మీద మాకు నిజంగా కోపం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో వాంతులు, విరేచనాలతో మనుషులు పోయారు. చేతులు కడుక్కునే దినోత్సవం కూడా ఆ నెలలోదే. అలాంటప్పుడు జరిగేదేమిటంటే, తమరు వంతెన దగ్గర వెలుస్తారు, కాలవల పక్కన బ్లీచింగ్ పౌడరుతో తెల్లగా గీత పడుతుంది, ముగ్గు వేసినట్టు. ఆ గీత కళ్లకి ఇంపు. కాలవనీళ్లు ఎవరూ తాగరు కదా! బ్లీచింగ్ పడాల్సింది ట్యాంకులో. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకి సుమారు 4 గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకి 160 గ్రాములు. అదీ నేరుగా గుమ్మరించకూడదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటని ట్యాంకులో పోసి, అడుగున సున్నాన్ని పారబోయాలి. అరగంట ఆగాకే కుళాయి విప్పాలి. మూత కట్టని బస్తాలో మూడు నెలలు పడున్న పౌడరు వాసన వస్తుందే గానీ పని చెయ్యదు.

అంతా చేసినా సరిపోదు. చివరి ఇంటి కుళాయి దగ్గర నీళ్లు పట్టి పరీక్ష చుక్కలు వేస్తే పసుపురంగు తేలాలి, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు తేలలేదంటే దారిలో పైపు ఎక్కడైనా పగిలిందేమో వెతకాలి. మోటారు ఆపిన క్షణాన ఆ పగులు పక్కనున్న మురుగుని లోపలికి లాక్కుంటుంది, మర్నాడు పొద్దున్న మొదటి బిందె నిండా అదే. ఆ పగులు పైన తమరి వెదురు బద్ద పాతి ఉండటం కాకతాళీయం అనుకుంటాం.

ఓఆర్ఎస్ గురించి తమరు "వాడండి" అని వదిలేశారు. పాకెట్‌కి లీటరు నీళ్లు, మంచినీళ్ల సీసాతో కొలిస్తే చాలు. ఊళ్లలో జరిగేది, గ్లాసుడు నీళ్లలో పాకెట్ మొత్తం. ఉప్పెక్కువైన ఆ నీళ్లు పేగుల్లోకి ఇంకా నీటిని లాగుతాయి, పిల్ల మరింత వాడిపోతుంది. "మందేశాక ఎక్కువైంది" అని రెండోసారి పట్టరు. ఇంకొందరు మడతపెట్టి దాచి రోజుకో చెంచా. కలిపింది ఇరవై నాలుగు గంటల తర్వాత పారబోయాల్సిందే. పాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా గీసి సమానం చేసి. రెండేళ్లలోపు పిల్లకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ, ఇంకా నిదానంగా. ఓఆర్ఎస్ విరేచనం ఆపదు, పోయిన నీళ్లు నింపుతుంది అంతే. ఇది ముందే చెప్పాలి, లేకపోతే "ఏటి, తగ్గనేదు" అని పారేస్తారు. ఆపడానికి తోడ్పడే జింకు బిళ్ల పద్నాలుగు రోజులు, ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు. విరేచనం మూడో రోజు ఆగితే బిళ్లా ఆగిపోతోంది. మందుల షాపులో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బాల మీద ఆ మాటే ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించాక కూడా, తమరు ఆ ఊసు ఎత్తలేదు.

ఉద్దానం విషయంలో వెటకారం చేసే మనసు లేదు. తమరు కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వెళ్లినప్పుడు "లక్షణాలు కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించండి" అన్న వాక్యం ఒక్కటి చెరిపేసుకుని వెళ్లండి. మూత్రపిండాల జబ్బు మొదట్లో లక్షణాలు చూపించదు. కాళ్లు వాచి, ఆకలి చచ్చేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. అక్కడ పనికొచ్చే మాట, బాగున్నవాళ్లూ మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవడం. ఆ తర్వాతది, జీడితోటలో పని చేసొచ్చిన ఒళ్లునొప్పులకి కిళ్లీ బడ్డీలో నొప్పి బిళ్లలు కొనకపోవడం. జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, నొప్పి బిళ్లలు ఉన్న మూత్రపిండాన్ని కూడా పాడు చేస్తాయన్నది తేలినదే.

పొగాకు దినాన తమరి మీద సిగరెట్టు బొమ్మ, దానికి ఎర్ర గీత. తీరం వెంబడి మన ముసలమ్మలు కాల్చేది సిగరెట్టు కాదు, చుట్ట. అదీ అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. గాలికి ఆరదని, బూడిద మీద పడదని వాళ్ల లెక్క. దెబ్బ ఊపిరితిత్తుల కంటే ముందు అంగిలికి. బ్యాటరీ లైటు వేసి నోట్లో పైభాగం చూస్తే తెల్లమచ్చలు, వాటి మధ్య ఎర్రచుక్కలు కనబడతాయి, పుండు పడ్డాక ఆలస్యమే. తమరి బొమ్మ చూసి, "మేం సిగరెట్లు తాగమమ్మా" అని ఆ ముసలమ్మలు నిజమే చెబుతున్నారు. 2003 చట్టం ప్రకారం బడికి వంద గజాల్లోపు పొగాకు అమ్మకూడదు. బడ్డీ తొంభై గజాల దగ్గరుంది, మధ్యలో తమరు అడ్డంగా వేలాడుతున్నందున బడి గేటు నుంచి అది కనబడదు.

2020 ఫిబ్రవరిలో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు ఉపాధ్యాయుల్ని ఆరోగ్య రాయబారులుగా వేసి, పదకొండు అంశాలు, వారానికో గంట అని రాశారు. ఆ గంట టైంటేబుల్లో వెతికితే లెక్కల కింద దొరుకుతుంది. ఆ ఇద్దరి చేత ఈ కొలతలన్నీ చెప్పించాల్సిన రోజున, ఆ ఇద్దరే తమరి రెండు చివర్లూ సరిచేస్తూ రోడ్డు మీద ఉంటున్నారు.

ఇంక మే 16, డెంగీ దినం తర్వాత తమరి జీవితం సంగతి. ఓ ఊళ్లో తమరిని దింపి కట్టెల మోపు మీద కప్పారు, వాన తడవకుండా. మంచి పనే, గుడ్డలా నానరు గదా! మధ్యలో చెయ్యంత పల్లం పడింది, మొదటి వానకి నిండింది. డెంగీని మోసే టైగరు దోమకి చెరువు అక్కర్లేదు, కప్పు నీళ్లు చాలు. గుడ్లు నీటి గీతకి కాస్త పైన అంటిస్తుంది, నీళ్లు ఆరినా నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ తడిస్తే పొదుగుతాయి. పొదిగినవి పది రోజుల్లోపే రెక్కలొచ్చి లేస్తాయి. శుక్రవారం డ్రై డే అని నీళ్లు పారబోసి ఊరుకుంటే కాదు, తొట్టి గోడల్ని కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. పొగ యంత్రం ఎగిరే దోమని చంపుతుంది గానీ ఈ పల్లంలోకి రాదు.

వంగి చూశాం. నీళ్ల అడుగున తమరి మీద అచ్చేసిన దోమ బొమ్మ, దాని మీద ఎర్ర గీత. పైన తల కిందికి వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరిగి కిందికి దిగిపోతూ లార్వాలు. లెక్కపెట్టాం, నలభై దాకా ఉన్నాయి. "డెంగీని అరికట్టడం మన అందరి బాధ్యత" అన్న అక్షరాల మీద ఆడుకుంటున్నాయి.

ఇట్లు,
తమరిని కట్టెల మోపు మీంచి విప్పి, ఎండలో ఆరేసినవాళ్లు.

తా.క.: ఆరేసినప్పుడు తేదీ దగ్గర అంటించిన కాగితం ఊడింది. కింద నిరుటి తేదీ ఉంది, దాని కింద అంతకు ముందేడాదిది.