మా ఇంటి ఏడేళ్లూ 'నిన్న' అయిపోయాయి

రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి రెండింటిదాకా కూర్చున్నా. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నా ఫోన్‌కి నాలుగేళ్లు నిండాయి. చార్జింగ్ 38 శాతం చూపిస్తూనే మాట మధ్యలో ఆరిపోతోంది. ఎలాగూ మార్చాలి కదా, ఐఫోన్, ఆండ్రాయిడ్‌లలో ఈసారి అవతలి రకం ఫోన్‌కి వెళ్దామా వద్దా అని నెల రోజులుగా ఊగిసలాట. మా చెల్లి దగ్గర ఆ రకం ఫోన్ ఒకటి ఖాళీగా ఉంటే, ముందు దాంట్లోకి అన్నీ ఎక్కించి చూద్దామనుకున్నా.

ఫొటోలు వెళ్లాయి. తెరిచి చూద్దును కదా, మా పాప గోడ పట్టుకుని మొదటిసారి నిలబడ్డ ఫొటో మీద 'నిన్న' అని ఉంది. అది 2019 మార్చిది! దాని పక్కనే బడికి వెళ్లిన మొదటి రోజు. అదీ నిన్నే. అమ్మ ఆపరేషన్ అయ్యాక మంచం మీద లేచి కూర్చున్న ఫొటో, అదీ నిన్నే. వందల ఫొటోలు, అన్నీ ఒకే కుప్ప.

కెమెరా తీసిన ఫొటో లోపల తేదీ రాసి ఉంటుంది. చాట్‌లో పంపగానే అది పోతుంది. మా ఇంట్లో సగం ఫొటోలు మా ఆయన నాకు చాట్‌లో పంపినవే. ఇక వాటికి మిగిలేది ఫైలు తేదీ, కొత్త ఫోన్‌లోకి కాపీ అయితే చాలాసార్లు అదీ మారిపోతుంది. కానీ ఫైలు పేరులోనే 20190312 అని కళ్లెదురుగా కనిపిస్తోంది కదండీ! నాకు కనిపించేది ఫోన్ కంపెనీవాళ్లకి కనిపించదా? మన ముఖాలు గుర్తుపట్టి పేర్లు అడిగే ఫోన్‌కి ఎనిమిది అంకెలు చదవడం చేతకాదా? చేతకాక కాదు, అవసరం లేక. వెళ్లేవాడి సామాను జాగ్రత్తగా సర్దిపెట్టాలని ఏ కంపెనీకి ఉంటుంది?

చాట్ల సంగతీ అంతే. వాట్సాప్ వచ్చింది 2009లో. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి చాట్లు తీసుకెళ్లే దారి 2021లో ఇచ్చారు, అదీ మొదట శాంసంగ్ ఫోన్లకే. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి తీసుకెళ్లే దారి 2022లో. పన్నెండు, పదమూడేళ్లు! ఈ మధ్యలో ఫోన్ మార్చినవాళ్లు ఎన్ని మాటలు పోగొట్టుకున్నారో.

పొద్దున మా మరిదితో చెబితే, "పాతవి ఎవరు చూస్తారు వదినా, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను చూస్తాను నాయనా. అర్ధరాత్రి నిద్ర పట్టకపోతే నేను చూసేవి అవే.

అసలు ఈ 'కొత్తది తీసుకోండి' అనే మాటే నాకు గిట్టదు. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జర్ తీసేసి పర్యావరణం కోసం అన్నారు. దాన్ని చూసి ఎగతాళి చేసిన శాంసంగ్ కొద్ది నెలలకే ఎస్21 నుంచి తనూ తీసేసింది. అంత ప్రేమ ఉంటే బ్యాటరీని జిగురు పెట్టి అతికించడం దేనికి? పాత ఫోన్లకి వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకునేవాళ్లం. ఇప్పుడు వేడి చేసి, జిగురు కరిగించి, స్క్రూలు విప్పితే గానీ అది బయటికి రాదు. లిథియం బ్యాటరీ కొన్నేళ్లకి నీరసించిపోతుందని వాళ్లకి తెలియదా? అరిగిపోయేదని తెలిసే దాన్ని లోపల పెట్టి మూసేశారు!

నా ఫోన్‌కి ఉన్న జబ్బూ అదే. పాతబడ్డ బ్యాటరీ మీద బరువు పడగానే ఓల్టేజీ పడిపోయి, చార్జింగ్ ఉన్నట్టు చూపిస్తూనే ఆరిపోతుంది. తెర బాగుంది, కెమెరా బాగుంది, అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. నెల రోజులుగా ఈ ఫోనా ఆ ఫోనా అని కొట్టుకున్నా గానీ, బ్యాటరీ మార్పిద్దామని ఒక్కరూ అనలేదు. సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి కూడా నన్ను కొత్త ఫోన్ల బల్ల దగ్గరికే తీసుకెళ్లాడు.

చెల్లి ఫోన్ చెల్లికి ఇచ్చేశా. శనివారం బ్యాటరీ మార్పించడానికి వెళ్తున్నా. ఈలోగా నాకు కాల్ చేసేవాళ్లు మధ్యలో కట్ అయితే ఏమీ అనుకోకండి, తీగ తగిలించి మళ్లీ నేనే చేస్తాను.