ఎంఎంటీఎస్ రెండో దశను ఆపింది జనం కాదు

"ఎంఎంటీఎస్ రెండో దశ అన్నేళ్లు ఆలస్యమైంది స్థానికుల వల్లే. గేట్లు మూయొద్దని, పట్టాలు వేయొద్దని అడ్డం పడ్డారు. ఇప్పుడు రైళ్లు వేసినా ఎక్కేవాళ్లు లేరు, అంతా నష్టమే. మెట్రో ఉండగా ఇదెందుకు?" ఈ మెసేజ్ వారంలో మూడుసార్లు మా కాలనీ గ్రూపులోకి వచ్చింది. ఎంఎంటీఎస్ అంటే హైదరాబాద్ లోకల్ రైళ్లు. వాటిని మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్ లాంటి శివార్లకు పొడిగించడమే ఈ రెండో దశ. మేడ్చల్ లైను మీదున్న అల్వాల్, బొల్లారం వైపు ఉండేవాళ్లే దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే బాధేస్తోంది.

ముందు స్థానికుల సంగతి. రైలు లైను అనగానే ఎవరి ఇళ్లో కూల్చాలనుకుంటాం. ఈ పనిలో చాలా భాగం ఎప్పటినుంచో ఉన్న రైల్వే లైన్ల మీదే జరిగింది. పక్కన ఇంకో లైను వేయడం, కరెంటు తీగలు లాగడం, స్టేషన్లు కట్టడం. భూమి దగ్గర పెద్ద చిక్కు వచ్చింది సనత్‌నగర్–మౌలాలి మధ్య. అక్కడ లైను రక్షణ శాఖ భూముల గుండా వెళ్తుంది. ఆ అనుమతులు తేలడానికే ఏళ్లు పట్టింది. 22 కిలోమీటర్ల ఆ ముక్కలో డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి ప్రారంభమైంది 2024 మార్చి 5న. ఫైలు రెండు శాఖల మధ్య తిరుగుతుంటే కాలనీవాళ్లు ఏం అడ్డుకున్నట్టు?

రైల్వే గేట్ల దగ్గర జనం గొంతెత్తడం నిజమే. గేటు పడితే స్కూల్ ఆటోలు, పాల వ్యాన్లు, ఒక్కోసారి అంబులెన్సు కూడా ఒకే వరసలో నిలబడిపోతాయి. రైళ్లు పెరిగితే గేటు పడటమూ పెరుగుతుంది. అందుకే అండర్‌బ్రిడ్జి కట్టమంటారు. అది రైలు వద్దనడం ఎలా అవుతుంది?

అసలు ఆలస్యం డబ్బు దగ్గర. 2012-13లో మంజూరైనప్పుడు అంచనా సుమారు 817 కోట్లు. మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఏళ్లు గడిచేకొద్దీ అంచనా 1,169 కోట్లకు పెరిగింది. అంటే రాష్ట్రం వాటా 779 కోట్లు. 2023లో రైల్వే శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి జమ చేసింది 279 కోట్లే. మీరు డబ్బివ్వలేదని రైల్వే, మీరే ఆలస్యం చేశారని రాష్ట్రం. ఆ మాటలు వింటూనే మా పిల్లలు స్కూలు దాటి కాలేజీకి వచ్చేశారు. రాష్ట్రాన్ని ఒక్కదాన్నే అని ఊరుకోను. పట్టాలు పడ్డాక బండ్లు సరిపడా నడపాల్సింది రైల్వేనే, అది ఇప్పటికీ జరగలేదు.

ఎక్కేవాళ్లు లేరన్న మాటకు జవాబూ అక్కడే ఉంది. సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ సర్వీసులు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. మొన్న పొద్దున మా స్టేషన్‌లో నా పక్కన నిలబడ్డావిడ టిఫిన్ బాక్సు సంచి చేతిలో పట్టుకుని, ఫోన్లో టైమ్ చూసుకుంటూనే ఉంది. ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి మన బండిని వెనక ఆపారు. కాసేపటికి ఆవిడ "ఇంక లాభం లేదన్నా, పంచింగ్ పోతుంది" అని మెట్లెక్కి బస్టాపుకి వెళ్లిపోయింది. చేతిలో టికెట్ ఉంది. ఈ బండి తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని టెన్షన్‌తో ఉద్యోగం ఎవరు చేస్తారు? బండ్లు లేక జనం పోతున్నారు, జనం లేరని బండ్లు వేయడం లేదు.

ఇక మెట్రో. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్, ఇవీ ఇప్పుడు నడుస్తున్న మూడు కారిడార్లు. మేడ్చల్‌కి, ఘట్‌కేసర్‌కి, ఉందానగర్‌కి ఒక్కటైనా వెళ్తుందా? పైగా 2025 మేలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75కి పెరిగింది, తర్వాత కాస్త తగ్గించి 69 చేశారు. ఎంఎంటీఎస్ టికెట్ 5 రూపాయల నుంచి మొదలవుతుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకి, షాపుల్లో సేల్స్ చేసే పిల్లలకి నెలాఖరులో ఆ తేడా చిన్నది కాదు.

నష్టం మాటంటారా, ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని రైల్వే తన టికెట్ల మీదే అచ్చు వేసింది. దేశమంతటికీ ఉన్న లెక్క అది, మన లైనుకి ఒక్కదానికే పుట్టింది కాదు.

ఈ మెసేజ్ పంపేవాళ్లని ఒకటే అడుగుతున్నా. పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా మేడ్చల్ లైనులో అరగంటకో బండి చొప్పున ఆరు నెలలు నడపమని మాతోపాటు మీరూ వినతిపత్రం మీద సంతకం పెట్టండి. ఆ తర్వాత ప్లాట్‌ఫాం మీద నిలబడి తలలు లెక్కపెడదాం.