కొండల దొరవారికి క్యారియర్ బిగిస్తున్న సందర్భంగా

మహారాజశ్రీ సెకండ్‌హ్యాండ్ మౌంటెన్ బైకు (అనగా కొండల సైకిలు) వారికి,

తమరు మా సెల్లారులో గోడకు ఆనుకుని అలిగి ఉన్నారని వాచ్‌మన్ ఫిర్యాదు చేశాడు. ఆనుకోక ఏం చేస్తారు? తమ జాతికి పుట్టుకతో స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు, బెల్లు కూడా లేదు. కొండ మీద బెల్లు ఎవరికి కొట్టాలి కనుక! కానీ తమరు వచ్చి పడింది హైదరాబాదులో.

తమను అమ్మినాయన "గట్టిగా పదిసార్లు కూడా తొక్కలేదండీ, ఎప్పుడూ బాల్కనీలోనే" అన్నాడు. నా వెంట వచ్చిన మెకానిక్ ఏమీ అనకుండా జేబులోంచి స్కేలు తీసి చైను మీద పెట్టాడు. లింకుకు అర అంగుళం చొప్పున 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. తమ చైను ఇంకో ఎనిమిదో వంతు అంగుళం సాగింది. అంత సాగిన చైను వెనక పళ్లను కూడా అరగదీసే ఉంటుంది. కొత్త చైను ఒక్కటే వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది, అందుకని ఆ పళ్లుండే ఫ్రీవీలు కూడా మార్చాల్సిందేనని అతను తేల్చాడు. బాల్కనీలో నిలబడే ఇంత అరిగారంటే ఆ బాల్కనీ ఎన్ని మైళ్ల పొడవో! ఆ రెండింటి ఖరీదూ బేరంలో తగ్గించుకున్న తర్వాతే తమను ఇంటికి తెచ్చాను.

ముందు 3, వెనక 7, వెరసి 21 గేర్లని తమకు మహా గర్వం. వాటిలో కొన్ని దాదాపు ఒకదానికొకటి నకళ్లేనన్న సంగతి మనలో మనకే ఉండనీయండి. మా ఆవిడ అడిగింది ఒక్కటే: "కూరగాయల సంచి ఎక్కడ పెట్టాలి?" ఆ 21 గేర్లలో ఒక్కటీ నోరు మెదపలేదు.

పక్కనే వెనక కూడా స్ప్రింగున్న తమ అన్నగారు మెరిసిపోతున్నా, తమనే ఎంచుకున్నది ఈ సంచి కోసమే. వెనక చక్రం స్ప్రింగు మీద ఎగిరెగిరి పడుతుంటే క్యారియర్ దేనికి బిగించాలి, పాప సీటు దేనికి తగిలించాలి? తమ దగ్గరా ఇబ్బంది లేకపోలేదు. క్యారియర్ కాలు సరిగ్గా డిస్క్ బ్రేకుకు అడ్డం వచ్చింది. పొడుగు బోల్టు, నాలుగు వాషర్లు వేసి మెకానిక్ దాన్ని కాస్త ఎడంగా జరిపాడు. తారు రోడ్డు మీద గుయ్యిమని ఏడ్చే ముళ్ల టైర్లు పోయి 1.75 అంగుళాల నున్నటివి వచ్చాయి. నడుము వంచక్కర్లేకుండా హ్యాండిల్ పైకి లేచింది. సీటు కింది మీట ఒక్కటే మా ఇంటికి పనికొచ్చే సోకు. అది వదులు చేస్తే ఆవిడకు దిగుతుంది, నాకు లేస్తుంది.

పరువు పోయిందంటారా? తమ వంశచరిత్ర తీద్దాం. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930ల, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లు ఏరుకొచ్చి టమల్‌పాయిస్ పరిసరాల కొండల మీదికి చేర్చారు. లావు టైర్లు, మోయలేనంత బరువు. అవన్నీ వీధుల్లో పిల్లలు తొక్కిన బళ్లే. వాటి మడ్‌గార్డులు, అలంకారాలు ఊడదీసి కొండ దిగువకు పందెం పెట్టారు. 1976లో మొదలైన ఆ పందెం పేరు రీప్యాక్. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ దిగుడులో కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాతా మళ్లీ గ్రీజు కూరుకోవాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. అంటే తమ తాతలూ సెకండ్‌హ్యాండే, గృహస్థులే. మనవడికి నేను చేస్తున్నది అవమానమెలా అవుతుంది? వాళ్లు విప్పి పారేసినవే కదా, డబ్బిచ్చి మళ్లీ బిగిస్తున్నాను!

ఈ ఆదివారం తమ సాహసయాత్ర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాకు మీద. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. బండరాయి ఒక్కటీ తగలదు. ముందు తగిలించే బుట్ట గులాబీ రంగులో ఉండాలని పాప ఆజ్ఞ. దాని మీద అప్పీలు లేదు.

ఇట్లు,
తమ రెండో యజమాని
(మూడోవాడి కోసం వెతకమని మా ఆవిడ అప్పుడే అంటోంది)