ఆవిరి బండిని అడ్డుకున్న టోల్‌గేటు

1831 నాటి మాట. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్–ప్రెస్కాట్ రోడ్డు మీద ప్రయాణికులతో నిండిన గుర్రపు కోచ్ టోల్‌గేటు దాటాలంటే 4 షిల్లింగులు కట్టాలి. అదే గేటు దగ్గరికి గోల్డ్స్‌వర్దీ గర్నీ తయారుచేసిన ఆవిరి బండి వస్తే 2 పౌండ్ల 8 షిల్లింగులు. పౌండుకు 20 షిల్లింగుల లెక్కన 48 షిల్లింగులు. పన్నెండు రెట్లు! రోడ్డు మీద నడిచే ఆవిరి బండ్లు ఎందుకు నిలదొక్కుకోలేదని ఎవరడిగినా ముందు ఈ లెక్క చూపించాలనిపిస్తుంది.

యంత్రం అప్పటికింకా పచ్చిగా ఉందని చాలామంది అంటారు. ఫ్రాన్స్ సైనిక ఇంజినీరు నికొలా జోసెఫ్ క్యూనో బండి విషయంలో అది నిజమే. ఫిరంగులు లాగడానికి 1770లో ఆయన చేసిన ఆ మూడు చక్రాల బండికి ఒకటే ముందు చక్రం. బాయిలర్ భారమంతా ఆ చక్రానికి ముందుకు వేలాడేది. నడక మనిషి నడకంత. పావుగంట తిరక్కుండానే ఆవిరి అయిపోయేది. మళ్లీ ఆవిరి పుట్టేదాకా ఆగాల్సిందే. ఆ బండి ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉంది. 1801 క్రిస్మస్ ముందురోజు కార్న్‌వాల్‌లో రిచర్డ్ ట్రెవితిక్ తన బండి మీద మనుషుల్ని ఎక్కించుకుని గుట్టెక్కించాడు. కొద్ది రోజులకే అది కాలిపోయింది.

1830ల సంగతి వేరు. 1831లో గర్నీ బండ్లు గ్లాస్టర్–చెల్టెనామ్ మధ్య దాదాపు నాలుగు నెలలు రోజూ తిరిగాయి. లండన్‌లో వాల్టర్ హ్యాంకాక్ ఏకంగా ఆవిరి బస్సులే నడిపాడు. 1836లో 20 వారాల్లో అవి 12,000 మందికి పైగా ప్రయాణికుల్ని మోశాయి. దీన్ని ఇంకా ప్రయోగం అనడం అన్యాయం. అది బస్సు సర్వీసు.

1831లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ వేసిన కమిటీ చెప్పిందీ ఇంచుమించు ఇదే. ఈ బండ్లు గంటకు 10 మైళ్ల వేగంతో వెళ్లగలవు, ప్రయాణికులకు ప్రమాదం లేదు, ఖర్చూ తక్కువే అంది. గుర్రపు డెక్కల కన్నా వీటి వెడల్పాటి చక్రాల వల్లే రోడ్డుకు అరుగుదల తక్కువని కూడా తేల్చింది. అంటే అంత టోలు వసూలు చేయడానికి ఆధారమే లేదు. అయినా గేట్లు చేతిలో ఉన్న టర్న్‌పైక్ ట్రస్టులు, అంటే టోలు వసూలు చేసి రోడ్లు చూసుకునే సంస్థలు, దిగిరాలేదు. చెల్టెనామ్ దారిలో అడ్డంగా గులకరాళ్లు గుట్టలుగా పోశారు. అక్కడ బండి ఇరుసు విరిగింది, సర్వీసు ఆగింది.

ప్రమాదాలు లేవని నేననను. 1834లో గ్లాస్గో దగ్గర జాన్ స్కాట్ రస్సెల్ బండి చక్రం విరిగి, బాయిలర్ పేలి ఐదుగురు చనిపోయారు. అక్కడా దారి మీద రాళ్లు పోసి ఉన్నాయన్నది మరువకూడదు. మరోవైపు 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మొదలైంది. రైలుకు తన పట్టాలు తనవే, దారిలో ఎవరి గేటూ అడ్డు రాదు. పెట్టుబడి అటే పోయింది.

రోడ్డు మీద నడిచే ఆవిరి బండ్ల గురించి బ్రిటన్ చేసిన 1865 చట్టం మిగిలిన పని పూర్తిచేసింది. ఊళ్లో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు దాటకూడదు. బండికి ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలి. జెండా తర్వాత పోయినా, ముందు మనిషి నడవాలన్న నిబంధన 1896 దాకా ఉంది. అది తొలగేసరికి హ్యాంకాక్ చనిపోయి 44 ఏళ్లు. ఖాళీ అయిన ఆ దారిలోకి అప్పుడు పెట్రోలు కార్లు వచ్చాయి.