కోత ఎందుకో తెలుగులో రాసివ్వండి

“బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది. ఉమ్మనీరు తగ్గింది. ఆగుతామంటే మీ ఇష్టం, రిస్క్ మీదే.”

హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కాన్పు గది బయట నిలబడ్డవాళ్లకు డాక్టర్ల నోట ఈ మాటలు కొత్త కాదు. ఆ చివరి మాట విన్నాక ఎవరూ ఆగమనరు. సిజేరియన్‌కు ఒప్పుకుంటూ చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాం.

తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ సర్వేలో దేశంలో మొదటి స్థానం మనదే. ఇది అందరూ విన్నదే. దాని లోపలి లెక్క చూడండి: సర్కారు దవాఖానల్లో 44.5 శాతం (అదీ తక్కువేం కాదు), ప్రైవేటులో 81.5. బీపీ పెరిగి, రక్తం తగ్గి చెయ్యి దాటుతున్న కేసుల్ని అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కించి పంపేది పేట్లబురుజు, గాంధీ లాంటి సర్కారు దవాఖానలకే కదా! కష్టమైన కాన్పులు అటు పోతుంటే కోతలు ఇటెందుకు ఎక్కువ? గేటు మారగానే దాదాపు రెట్టింపయ్యే అవసరాన్ని వైద్య అవసరం అనలేం.

ముహూర్తం పట్టుకొచ్చేది మీరే, తేడా వస్తే అద్దాలు పగలగొట్టేదీ మీరేనని డాక్టర్లు అంటారు. నిజమే. మరి పంతులు పెట్టిన టైముకి కోసినప్పుడు కేస్‌షీట్‌లో కారణం ‘ముహూర్తం’ అని రాస్తున్నారా?

పేగు సంగతే తీసుకోండి. నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో అది మెడకు చుట్టుకునే ఉంటుంది. చాలావరకు మామూలుగానే ప్రసవమవుతుంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ టెన్షన్‌లో అది అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం తోస్తుంది. బిల్లు నేరుగా కంపెనీయే కట్టే ‘క్యాష్‌లెస్’ కావాలంటే ఆసుపత్రి కారణం రాసి పంపాల్సిందే. నచ్చకపోతే కంపెనీ క్వెరీ వేస్తుంది, రిపోర్టులు అడుగుతుంది. డబ్బు కట్టేవాళ్లకు రాతలో జవాబు, పొట్ట కోయించుకునే మనిషికి ‘మీ ఇష్టం’!

మత్తులో ఉన్న మహిళకు, ఆమె తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన కేసులో 2008లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చేసేదేమిటి, వేరే దారులేమున్నాయి, ప్రమాదమెంత, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి తెలిస్తేనే అది సమ్మతి.

తెలియడమంటే ఏ భాషలో? మా చెల్లెలి కాన్పప్పుడు నేను సంతకం పెట్టిన కాగితాలు మూడు పేజీల ఇంగ్లిష్. చదువుకున్న నాకే సగం అర్థం కాలేదు. పక్కన ఇంకో పెద్దావిడ వాటి మీదే వేలిముద్ర వేసింది. ఈ ఊళ్లో మెట్రో రైలు తెలుగులో మాట్లాడుతుంది, ఏటీఎం తెలుగులో అడుగుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడే మన భాష పనికిరాకుండా పోతుంది. మాతృభాష అంటూ వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చే మన పెద్దలు ఒక్కసారైనా కన్సెంట్ ఫారం వైపు చూశారా?

ఒక్క పేజీ చాలు. కోర్టు చెప్పిన ఆ నాలుగింటికీ జవాబులు, కింద డాక్టరు పేరు, టైము. తెలుగులో, పాతబస్తీలో అడిగితే ఉర్దూలో. నిజంగా నిమిషాల మీద ఉన్న కేసైతే కోత అయ్యాకే రాసివ్వండి, ఎవరూ కాదనరు. ఆ పేజీ నకలు జత చేయని బిల్లుకు మాత్రం ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వకూడదు.