సవరణ: డెషాంప్స్ జట్టు గోల్స్ లెక్క

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ కోచ్ డెషాంప్స్‌ను కప్పులతో కొలవాలా, ఆటతీరుతోనా అన్న మా పోస్టులో "2024 యూరో (ఐరోపా దేశాల టోర్నీ)లో ఫ్రాన్స్‌కు వచ్చింది ఒక్క గోలే" అని రాశాం. తప్పు. వచ్చినవి నాలుగు. ఆస్ట్రియా ఆటగాడు వోబర్, బెల్జియం ఆటగాడు వెర్టోంగెన్ చేసిన సెల్ఫ్ గోల్స్ (పొరపాటున తమ గోల్‌లోకే పంపినవి) రెండు, పోలండ్‌పై ఎంబాపె పెనాల్టీ ఒకటి. ఆట నడుస్తుండగా ఫ్రాన్స్ వాళ్లు సొంతంగా కొట్టింది మాత్రం నిజంగానే ఒక్కటి: సెమీస్‌లో స్పెయిన్‌పై, ఎడమవైపు నుంచి ఎంబాపె వేసిన క్రాస్‌కు కోలో మువానీ హెడర్. పోర్చుగల్‌ను దాటింది కూడా 0-0 తర్వాత పెనాల్టీ షూటౌట్‌లోనే, 5-3తో. కాబట్టి అభిమానుల విసుగు న్యాయమే.

"2012లో ఆయన వచ్చినప్పటి నుంచీ ఇదే చప్పిడి ఆట" అన్న వాక్యం మాత్రం పూర్తిగా తీసేశాం. 2018 ప్రపంచకప్‌లో అర్జెంటీనాపై 4-3, ఫైనల్లో క్రొయేషియాపై 4-2. అవి చప్పిడి ఆటలేం కావు.